నాటకంలో లేని మాట

శనివారం పొద్దున తొమ్మిది దాటేసరికి రంగమ్మ చేలో సగం సాళ్ళు అయిపోయాయి. ముందురోజు సాయంత్రం మొగ్గలు ఒలిచి, గుర్తుకు ఎర్ర కాగితం పెట్టిన ఆడ పూల మీద, మగ సాళ్ళ నుంచి తెంపుకొచ్చిన పువ్వును రుద్దుకుంటూ పోతోంది. గద్వాల చుట్టుపక్కల విత్తనాల కోసం సీడు పత్తి వేసే ఊళ్ళలో ఈ పనిని క్రాసింగ్ అంటారు. ఆగస్టు నడిమి నుంచి దసరా దాటేదాకా ఇది ఒక్క రోజు ఆగదు. ఈ సాయంత్రం ఒలవని మొగ్గ రేపు తనంత తానే విచ్చుకుంటుంది. ఇక అది పనికిరాదు, తెంపి పారేయాల్సిందే. అందుకే ఆ ఊళ్ళో చర్చి ఆరాధన కూడా ఈ నెలల్లో ఆదివారం మధ్యాహ్నం మూడింటికి పెడతారు. పాస్టరు గారి భార్య కూడా క్రాసింగుకు పోతుంది గనుక ఎవరూ ఏమీ అనరు.

అలాంటి రోజుల్లో రంగమ్మ ఒక పూట పని మాని, నాటకం చూడడానికి వనపర్తి పోతానంది. ఇంట్లో ఆ మాట చెప్పిన రోజు భర్త యేసయ్య చేతులు కడుక్కున్నాడు. కాళ్ళు కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకున్నాడు. అప్పుడు అన్నాడు.

"పో. ఆదివారం పూసిన పూలు నేను తెంపి పారేస్త."

యేసయ్య అంతకన్నా ఎక్కువ మాట్లాడితే వాన పడుతుందని రంగమ్మ స్నేహితురాలు పెంటమ్మ అంటుంది.

నాటకం సంగతి పోయిన ఏడాది మొదలైంది. వనపర్తి నుంచి నిరంజన్ అనే ఆయన, ఉష అనే పిల్ల ఊరికి వచ్చారు. క్రాసింగ్ చేసే ఆడవాళ్ళ మీద నాటకం ఆడతామన్నారు. ఉష పది రోజులు రంగమ్మ ఇంట్లోనే ఉండి, ఆమె పక్క సాలులోనే పని నేర్చుకుంది. ఇప్పుడు నాటకం తయారైంది. శనివారం సాయంత్రం ఐదింటికి వనపర్తిలో ఆడుతున్నారు. రాత్రికి నిరంజన్ అక్క ఇంట్లో పడుకుని ఆదివారం తిరిగి రావచ్చు. రంగమ్మతో పాటు ముప్పై ఏళ్ళుగా ఆమెతోనే కూలికి పోతున్న పెంటమ్మను, కాంతమ్మను కూడా పిలిచారు.

"వదినె, నాటకంల నిన్ను ఎట్ల జూపిస్తరో ఏమో," అవతలి సాలులోంచి పెంటమ్మ అంది. "నడుం మీద చెయ్యి వెట్టుకొని తిట్టుడు తప్ప నీ కాడ ఏముంది?"

"నిన్ను జూపించలేదు, అదే సంతోషం. చూసినోళ్ళు పైసలు వాపసు అడుగుదురు."

"టికెటు లేదంట గద!"

"అందుకే నిన్ను గూడ పిలిసిండ్రు."

కాంతమ్మ నవ్వు ఇంకో సాలులోంచి వినిపించింది. మనుషులు కనపడరు. పత్తి చెట్లు భుజాల దాకా ఉన్నాయి.

అప్పుడే హెప్సిబా సద్దిగిన్నె తీసుకుని గట్టు మీదికి వచ్చింది. రంగమ్మకు ఒక్కతే కూతురు. అల్లుడు పాల్ హైదరాబాదులో లారీ తోలుతాడు, పదిహేను రోజులకొకసారి వస్తాడు. అందుకని హెప్సిబా తల్లి దగ్గరే ఉంటుంది. ఆమె బిడ్డ కృప వనపర్తిలో గురుకులం హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి చదువుతోంది.

"అమ్మా, నేను గూడ వస్తున్న వనపర్తికి."

రంగమ్మ చెయ్యి పువ్వు మీదే ఆగింది.

"నువ్వెందుకే? చేను ఎవరు జూస్తరు?"

"నాయిన ఉన్నడు గద. నాటకం మీతోనే జూస్త. రేపు పొద్దున హాస్టల్ కాడికి పోయి కృపను తోలుకొస్త. పెట్టె సర్దుకొమ్మని ఫోన్ల జెప్పిన."

"దసరా సెలవులు ఇంక రాలె గద!"

"సెలవులకు కాదు. ఇగ మొత్తానికే."

పెంటమ్మ, కాంతమ్మ పని ఆపారు. చెట్ల కదలిక ఆగిపోవడంతో రంగమ్మకు ఆ సంగతి తెలిసింది.

"లెక్కలల్ల నలభైకి పదకొండు వచ్చినయంట," హెప్సిబా గట్టు మీద కూర్చుని గిన్నె మూత తీస్తూ చెప్పింది. "ఫోన్ జేసినప్పుడల్ల ఏడుస్తది. ఎందుకమ్మా దానికి ఆ బాధ? నేను ఏడోదే దాటలె, ఫెయిలైన. నా నెత్తురే గద అది. నాకు రాని సదువు దానికి యాడికెల్లి వస్తది? పాల్ గూడ నీ ఇష్టం అన్నడు."

రంగమ్మ ఏదో అనబోయి, "బస్సుల జాగ ఉండదే," అంది.

"ఫిరీ బస్సుల జాగ ఎన్నడుంది? నిలవడి వస్త."

హెప్సిబా ఏడో తరగతి ఫెయిల్ కాలేదు.

ఆ సంగతి రంగమ్మకు తెలుసు. పెంటమ్మకు, కాంతమ్మకు తెలుసు. ఇరవై రెండేళ్ళ కింద, ఎండాకాలం, ముగ్గురూ ఒక రైతు చేలో పత్తికట్టె పీకుతుంటే బడి సారు సైకిలు మీద వచ్చాడు. అప్పట్లో ఏడో తరగతికి పెద్ద పరీక్ష ఉండేది. హెప్సిబా పాసైందని చెప్పి మార్కుల కాగితం చేతిలో పెట్టి పోయాడు. ఆ నెలలోనే ఆయనకు వేరే ఊరికి బదిలీ అయింది. హెప్సిబా అప్పుడు అమ్మమ్మ ఊళ్ళో ఉంది. వారం తర్వాత వచ్చిన పిల్లతో రంగమ్మ, నువ్వు ఫెయిలైనవని చెప్పింది. పిల్ల సిగ్గుతో ఎవరినీ అడగలేదు. ఆ ఆగస్టు నుంచి క్రాసింగుకు పోయింది. చిన్న వేళ్ళు, పత్తి చెట్టెత్తే మనిషి గనుక నడుం వంచక్కరలేదు. పని బాగా చేసేది.

పోయిన ఏడాది ఒక పొద్దున, ఉష పక్క సాలులో ఉండగా, రంగమ్మ ఆ మాట చెప్పేసింది. పత్తి చేలో మాట్లాడేవాళ్ళకు ఒకరి మొహం ఒకరికి కనపడదు. అక్కడ నోరు జారడం సులువు. చెప్పాక బరువు దిగినట్టయింది. ఆ పిల్ల నాటకాల పిల్ల అని అప్పుడు గుర్తు రాలేదు. ఇప్పుడు ఆ మాట నాటకంలో పెట్టారో లేదో చూడాలనే ఆమె వనపర్తి బయలుదేరింది. పక్క కుర్చీలో కూతురు ఉంటుందని అనుకోలేదు.

ఒంటి గంట బస్సుకు నలుగురూ ఎక్కారు. ఆధార్ కార్డులు చూసి కండక్టరు పైసా తీసుకోకుండా ఉత్త టికెట్లు కొట్టిచ్చాడు. పెంటమ్మ దారంతా మాట్లాడుతూనే ఉంది. రంగమ్మ ఒక్క మాటకూ నవ్వలేదు.

నాటకం ఒక ఫంక్షన్ హాల్లో. రెండు వందల మంది దాకా ఉన్నారు. నిరంజన్ ఎదురొచ్చి వాళ్ళను రెండో వరుసలో కూర్చోబెట్టాడు. మెత్తటి కుర్చీలు. కాంతమ్మ కాళ్ళు పైకి మడుచుకుని కూర్చోబోయి, చుట్టూ చూసి మళ్ళీ కిందికి పెట్టింది.

తెర లేచింది. స్టేజీ మీద జనుము కట్టెలకు కాగితం పూలు కట్టిన చేను. ఉష నడుం వంచి వచ్చింది. రంగమ్మ చీర కట్టే, రంగమ్మ నడకే. ఎడమ కాలు కొంచెం లాగుతూ.

"అయ్యో వదినె! నువ్వే!" పెంటమ్మ రంగమ్మ తొడ మీద కొట్టింది.

కాంతమ్మ చూపు మాత్రం పని మీద ఉంది. ఉష ఒక పువ్వు తెంపగానే ఆమె లేచి నిలబడింది. "ఏయ్ పిల్లా! ఆడ పువ్వు తెంపినవ్! మగ సాలు అటుంది!"

హాలంతా గొల్లుమంది. ఉష తడబడలేదు. చేతిలో పువ్వు కింద పారేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "అవునక్కా, రాత్రంత దోమలు. కండ్లు కనవడ్తలేవు," అని మగ సాలు వైపు నడిచింది. జనం చప్పట్లు కొట్టారు. తనే నాటకంలో ఆడినంత గర్వంగా కాంతమ్మ కూర్చుంది.

తర్వాత సైకిలు బెల్లు వినిపించింది. కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక సారు స్టేజీ మీదికి వచ్చాడు. రంగమ్మ కుర్చీ చేతిని పట్టుకుంది. పెంటమ్మ నవ్వు ఆపేసింది.

"నీ బిడ్డ పాసైందమ్మా," అన్నాడు సారు.

స్టేజీ మీది తల్లి చేతిలో కట్టెలు వదిలేసింది. పరుగెత్తుకుపోయి, కూతురి వేషంలో ఉన్న పిల్లను ఎత్తుకుంది. "పో బిడ్డా. నా రెక్కలున్నయ్ గద. ఈ చేను నేను జూసుకుంట. నువ్వు సదువుకో పో," అంది. కొంగుతో పిల్ల మొహం తుడిచి, పుస్తకాల సంచి భుజానికి తగిలించింది. పిల్ల స్టేజీ అవతలికి నడిచి పోతుంటే తల్లి చేలో నిలబడి చూస్తూ ఉంది. హాల్లో చప్పట్లు చాలాసేపు ఆగలేదు.

రంగమ్మ కుర్చీ చేతిని వదిలింది. పెట్టలేదు. ఆ మాట పెట్టలేదు. తను భయపడ్డదేమీ జరగలేదు.

అంతలో హెప్సిబా ఆమె చెయ్యి పట్టుకుంది. కూతురి మొహమంతా కన్నీళ్ళు.

"అమ్మా, నేను పాసైతే నువ్వు గూడ గిట్లనే పంపుతుంటివి గద," అంది. "నాకే రాకపాయె. నిన్ను గా సంతోషం నేను సూడనియ్యలె."

ఆ చెయ్యి తీసేయడానికి రంగమ్మకు ధైర్యం చాలలేదు.

నాటకం అయ్యాక హెప్సిబా నీళ్ళ కోసం బయటికి పోయింది. ఉష రంగు తుడుచుకోకుండానే వచ్చి రంగమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"పెద్దమ్మా, కోపమొచ్చిందా? మొదలు నువ్వు జెప్పినట్లనే ఆడినం. చూసినోళ్ళు గా తల్లిని తిట్టిండ్రు. నాకు మనసొప్పలె. పది దినాలు నీ చేతి అన్నం తిన్న గద. అందుకే మార్చినం."

"మంచిగ జేసినవ్ బిడ్డా," అంది రంగమ్మ. చూపు మాత్రం హెప్సిబా పోయిన తలుపు మీదే ఉంది.

ఆదివారం పొద్దున పదింటికి నలుగురూ హాస్టలుకు నడిచి పోతున్నారు. దారిలో బండి దగ్గర ఇడ్లీ తినడానికి ఆగారు. హెప్సిబా ప్లేట్లు అందరికీ అందించింది. చట్నీ కారంగా ఉందని పెంటమ్మ బండాయనతో వాదం పెట్టుకుంది. రంగమ్మ ఇడ్లీ ముట్టలేదు.

"బిడ్డా, నువ్వు ఫెయిల్ కాలె."

హెప్సిబా నవ్వింది. "నాటకం నిన్ననే అయిపాయె గదమ్మా."

"నాటకం కాదు. సారు వచ్చింది నిజం. నువ్వు పాసైనవ్. ఫస్టు క్లాసుల. కాగితం గూడ ఇచ్చిండు. నేనే అబద్ధం జెప్పిన."

హెప్సిబా తల్లి మొహం చూసింది. "కాగితమేది?"

"పొయ్యిల వెట్టిన."

ప్లేటు బండి మీద పెట్టింది హెప్సిబా. చట్నీ ఒలికింది. "ఎందుకు?"

"మీ నాయిన పూనాకు కూలికి పోయి కాలిరిగి మంచాన పన్నడు. నా ఒక్కదాని రెక్కలు చాలలె. పాసైనవంటె బడికి పోత అని ఏడుస్తవు. నేను ఒద్దనాలె. మా అమ్మ ఒద్దన్నదని నువ్వు బతుకంత యాదిల పెట్టుకుంటవు. ఫెయిలైనవంటె నీయంత నువ్వే ఊకుంటవని..."

"ఊకున్న గద!" హెప్సిబా గొంతు వీధంతా వినిపించింది. బండాయన గరిటె ఆపాడు. "ఊకున్న! నాతోటోళ్ళు బడికి పోతుంటె తలుపు సందులకెల్లి జూసిన. మహిళా సంఘంల నన్ను లీడరు ఉండమంటె, ఫెయిలైనదాన్ని నాకెందుకని లేసి వచ్చిన. కృప పుస్తకం తెచ్చి అడిగితె తప్పు జెప్తనేమోనని మూసిన. ఇరవై రెండేండ్లు నాకు తెలివి లేదనుకున్న. నా బిడ్డ గూడ నా లెక్కనే ఉట్టిదనుకున్న."

"హెప్సిబా, జర మెల్లగ," పెంటమ్మ మధ్యలోకి వచ్చింది. "మీ అమ్మ గా దినాలల్ల..."

"నీకు తెలుసా పెంటత్తా?"

పెంటమ్మ చూపు చట్నీ గిన్నె మీదికి పోయింది.

"కాంత చిన్నమ్మకు?"

కాంతమ్మ తల వంచుకుంది.

"అందరికి తెలుసు. నాకు తప్ప." హెప్సిబా కొంగుతో మూతి తుడుచుకుంది. "నిన్న గా నాటకంల తల్లిని జూసి ఏడ్సిన. నువ్వే అనుకొని ఏడ్సిన."

"అందుకే జెప్తున్న బిడ్డా," అంది రంగమ్మ. "ఆమె నేను గాదు."

ఆమె చెయ్యి చాచింది. "ముట్టకు," అంది హెప్సిబా. వెనక్కి చూడకుండా నడిచింది. ముగ్గురు ఆడవాళ్ళు ముప్పై అడుగుల వెనకగా నడిచారు. పెంటమ్మ జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని నడిచింది.

అది తల్లిదండ్రులు వచ్చి పిల్లలను కలిసే ఆదివారం. గురుకులం గేటు తెరిచే ఉంది. వేపచెట్టు కింద కృప ఇనుప పెట్టె మీద కూర్చుని ఉంది. తల్లిని చూసి లేచింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. రంగమ్మ గేటు బయటే ఆగిపోయింది. లోపలి మాటలు వినపడుతున్నాయి.

"దుప్పటి గూడ సర్దినమ్మా. పోదాం."

హెప్సిబా పెట్టె ముట్టుకోలేదు. "నీకు ఏ లెక్కలు రావు?"

"ఎక్స్, వై ఉన్న లెక్కలు."

"ఎవరు జెప్పరా?"

"సాయంత్రం టీచరు జెప్తది. నేనే పోను. మనింట్ల ఎవరికి సదువు రాదని నువ్వే అంటివి గద."

హెప్సిబా ఆ పెట్టె మీదే కూర్చుంది. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుంది. కాసేపు తన చేతి గోళ్ళు చూసుకుంది. మొగ్గలు ఒలిచీ ఒలిచీ బొటనవేలి గోరు నల్లబడి ఉంది.

"తప్పు జెప్పిన," అంది. "మీ అమ్మ ఏడోది పాసైంది. ఫస్టు క్లాసుల."

"మరి ఫెయిలైన అంటుంటివి?"

"నాకు గూడ ఇయ్యాలనే తెలిసింది." ఆమె లేచి పెట్టె ఒక పక్క పట్టుకుంది. "పట్టు అటుపక్క. లోపల వెడదాం. ఇయ్యాల్టి నుంచి టీచరు కాడికి పో. పదకొండు వస్తె పదకొండే జెప్పు నాకు. ఏడువకు."

కృప పెట్టె పట్టుకోబోయి గేటు వైపు చూసింది. "అవ్వ గూడ వచ్చిందా? బయటనే ఎందుకు నిలవడ్డది?"

హెప్సిబా తల తిప్పింది. గేటు ఊచల అవతల రంగమ్మ, ఎండలో, చెప్పుల్లేకుండా నిలబడి ఉంది. చెప్పులు ఇడ్లీ బండి దగ్గరే మరిచిపోయి వచ్చింది. ఆ సంగతి ఆమెకే తెలియదు.

"లోపలికి రమ్మను," అంది హెప్సిబా. "కాళ్ళు కాల్తయ్."

మధ్యాహ్నం బస్సులో హెప్సిబా కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీట్లో సంచి పెట్టింది. రంగమ్మ కడ్డీ పట్టుకుని నిలబడింది. వెనక సీట్లో పెంటమ్మ, కాంతమ్మ. బస్సు పెబ్బేరు దాటింది. బీచుపల్లి వంతెన మీద జనం కిటికీల్లోంచి ఆంజనేయుని గుడి వైపు చేతులు జోడించారు. కింద కృష్ణ నిండుగా ఉంది. వంతెన దాటాక హెప్సిబా సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"కూసో."

రంగమ్మ సీటు అంచున కూర్చుంది.

"సారు ఏమన్నడు?" హెప్సిబా కిటికీలోంచి బయటికి చూస్తూనే అడిగింది. "ఒక్క మాట పొల్లు పోకుండ జెప్పు."

ఇరవై రెండేళ్ళుగా ఆ మాటలు రంగమ్మ లోపలే ఉన్నాయి. ఒక్కటీ పోలేదు. ఆమె గొంతు సవరించుకుంది.

"ఏయ్ రంగమ్మా, చెయ్యి ఆపు అన్నడు. సైకిలు దిగలె, ఒక కాలు కింద వెట్టిండు. నీ బిడ్డ పాసైంది, ఫస్టు క్లాసు. మా బడిల ఆడపిల్లకు గిట్ల వచ్చుడు గిదే మొదలు. హిందీల జర తక్కువొచ్చినయ్, ఫికరు లేదు. హైస్కూలుకు నేనే సైకిలు మీద తోలుకపోయి పేరు రాపిస్త అన్నడు." రంగమ్మ ఆగింది. "అమ్మమ్మ ఊరికి పోయి నేనే దానికి జెప్త అని సైకిలు తిప్పిండు. మళ్ళ ఆగిండు. ఒద్దులే, తల్లి నోటితోని వింటెనే పిల్లకు సంబురం, నువ్వే జెప్పు రంగమ్మా అన్నడు."

హెప్సిబా భుజాలు కదిలాయి. ఏడుస్తోందని వెనక సీటు వాళ్ళకు తెలిసింది. రంగమ్మకు మాత్రం ఏమీ కనపడటం లేదు, ఆమె కళ్ళూ నిండి ఉన్నాయి.

కొంతసేపటికి హెప్సిబా తల ఇటు తిప్పింది. ఒక చెయ్యి తల్లి మోకాలి మీద పెట్టింది.

"మళ్ళ ఒకసారి జెప్పు."

"మాకు గూడ ఇనవడాలె వదినె," వెనక నుంచి పెంటమ్మ ముక్కు చీదుకుంటూ అంది. "నిలవడి జెప్పు."

రంగమ్మ లేచింది. కడ్డీని సైకిలు హ్యాండిలులా రెండు చేతులతో పట్టుకుంది. ఒక కాలు ముందుకు పెట్టింది.

"అమ్మా, కూసో! బ్రేకు కొడితె పడ్తవ్," కండక్టరు కేకేశాడు.

"జర ఆగన్నా," అంది హెప్సిబా. "మా అమ్మ నాకు రిజల్టు జెప్తుంది."

రంగమ్మ ఊపిరి తీసుకుంది.

"ఏయ్ రంగమ్మా," అంది, బస్సంతా వినిపించేలా. "చెయ్యి ఆపు. నీ బిడ్డ పాసైంది."